గుట్ట మీద నలభై ఒక్క రాళ్లు

పోయినవి ముందు రాస్తాను. సున్నం పూసిన నాపరాయి ముక్కలు నలభై ఒకటి. పొడుగు నోటుపుస్తకం ఒకటి, అందులో రాసిన పేజీలు నూట ముప్పై ఆరు. నూట పన్నెండు గొర్రెల మందలో చచ్చినవీ తప్పిపోయినవీ కలిపి తొమ్మిది. ఊరికి రెండు వైపులా ఉన్న చేల గుండా ఆ మంద నడిచిన దారి ఒకటి. ఆ దారిలో ఎవరికీ భయపడకుండా, ఎవరినీ భయపెట్టకుండా నడవగలిగిన మనిషి ఒకడు. ప్రాణాలు పోలేదు. మా ప్రాంతంలో ఆ రోజుల సంగతి ఏది రాసినా ఈ ఆఖరి లెక్క ముందే చెప్పాలి. లేకపోతే చదివేవాళ్లు దాన్నే వెతుక్కుంటూ మిగిలింది వదిలేస్తారు.

ఇదంతా వేరే లోకాల వాళ్ల కోసం జరిగింది.

నేను చదివింది ఏడో తరగతి. జమ్మలమడుగు దగ్గర నాపరాళ్లకు మెరుగు పెట్టే ఫ్యాక్టరీలో కొలతలు చూసేవాణ్ని. బండను చూడగానే ఎన్ని చదరపు అడుగులో చెప్పేవాణ్ని, తర్వాత టేపు పెట్టి సరిచూసుకునేవాణ్ని. ప్రొద్దుటూరులో పాత పుస్తకాలమ్మే బండి దగ్గర కొన్న గణితం పుస్తకాలతో వర్గమూలాలు, వృత్తాలు, నీడను బట్టి ఎత్తు కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. ఆ బండి మీదే ఒక పాత వారపత్రికలో ఆ వ్యాసం చదివాను. ఆకాశంలో ఎక్కడో తెలివిగల జీవులు ఉంటే వాళ్ల భాష మనకు రాదు, మన భాష వాళ్లకు రాదు. అంకెలు మాత్రం ఇద్దరికీ ఒకటే. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు. వీటిని సమానంగా పంచలేము, ప్రధాన సంఖ్యలంటారు. గాలీ వానా ఇలాంటి వరుసను పేర్చలేవు. కనుక ఈ వరుసను చూసిన వాళ్లెవరైనా ఇక్కడ ఆలోచించేవాడు ఒకడున్నాడని తెలుసుకుంటారు.

ఆ రోజు బస్సులో దిగాల్సిన చోట దిగలేదు. రెండు ఊళ్లు దాటిపోయాక కండక్టరు అరిచాడు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నవల రాయాలనుకున్నాను. ఆ జీవులు వస్తారు, మా ఊరి వెనక గుట్ట మీద దిగుతారు, మనుషులు వాళ్లతో మొదటిసారి మాట కలుపుతారు. ఆదివారాలు గుట్ట కింద కూర్చుని రాసేవాణ్ని. ఊళ్లో కూర్చుంటే ఏం రాస్తున్నావని అడుగుతారు. మా ఊళ్లో కాగితం మీద రాసేవాణ్ని చూస్తే ఎవరి మీద అర్జీ అనే అనుమానం ముందు వస్తుంది.

ఊరి సంగతి చెప్పాలి. మాకు పై ఇల్లు, కింది ఇల్లు అని రెండు వర్గాలు. రెండూ భూములున్న పెద్ద కుటుంబాలే. తలా ఒక పార్టీ. పార్టీలు మారేవి గానీ ఇళ్లు మారేవి కావు. ఒకసారి ఎన్నికలకు నెల ముందు రెండు ఇళ్లూ ఒకరి పార్టీలోకి ఒకరు మారిపోయారు. జెండాలు అటువి ఇటు, ఇటువి అటు వచ్చాయి, కొట్లాట మాత్రం ఉన్నచోటే ఉంది. మిగిలిన వాళ్లందరం ఏదో ఒక ఇంటి లెక్కలో ఉండేవాళ్లం. మా అక్కను కింది ఇంటి మనిషికి ఇచ్చారు కాబట్టి నేను కింది ఇంటి లెక్క. నన్ను అడిగినవాళ్లు లేరు.

ఏ లెక్కలోకీ రానివాడు గొర్రెల మామ ఒక్కడే. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పంట కోసిన చేలో మందను నిలిపితే ఆ చేనికి ఎరువు. పై ఇంటి చేలో నాలుగు రోజులు, కింది ఇంటి చేలో నాలుగు రోజులు మందను ఉంచేవాడు. రోజులు సమానంగా ఉండేవి. రెండు ఇళ్లలోనూ మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. తన సంగటి ముద్ద తనే తెచ్చుకుని గట్టు మీద తినేవాడు. ఎవరి చేలో విన్న మాట రెండో వైపు చెప్పేవాడు కాదు. అందుకే మిగతా వాళ్లు పదిమంది తోడు లేనిదే వెళ్లలేని పొలాల్లోకి ఆయన కట్టె ఒక్కటి పట్టుకుని వెళ్లేవాడు. ఆయన బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచేది. అది పోతే మేత లేదు, మంద లేదు.

ఒక ఆదివారం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏందప్పా, అంత రాస్తాండావు? కేసు కాయితాలా?"

"కత మామా. ఆకాశం నుంచి వేరే లోకపోళ్లు మన గుట్ట మీదికి దిగుతారు."

"ఎప్పుడు, ఎన్నికలప్పుడా?"

"ఎప్పుడైతే ఏముంది?"

"ఎన్నికలప్పుడైతే దిగనీర్లే. బయటూరోళ్లు వస్తే స్టేషన్లో చెప్పాల."

చదివి వినిపించమన్నాడు. నా కథలో ఢిల్లీ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చి వాళ్లతో మాట్లాడతాడు. మామ కట్టె మీద గడ్డం ఆనించి విన్నాడు.

"ఢిల్లీ నుంచి ఆయప్ప వచ్చేదాంక వాళ్లు గుట్ట మీద ఏం తింటారప్పా? ముందు కనపడేది నేనే గదా."

లెక్క వేస్తే అది నిజమే. ఆ గుట్ట మీద ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండే మనిషి ఆయనే. శాస్త్రవేత్తను కొట్టేసి గొర్రెల కాపరిని పెట్టాను. పదిహేడు పేజీలు మళ్లీ రాయాల్సి వచ్చింది.

"అయితే వాళ్లు దిగినాక నువ్వేం చేస్తావు మామా?"

"ఏం చేసేది, కొత్త చేలోకి పోయేటప్పుడు చేసేదే. కేకేస్తే వినపడేంత దూరంలో నిలబడాల. కట్టె కింద పెట్టాల. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకోవాల. రెండు చేతులూ వాళ్లకు కనపడాల. వాళ్లు రా అనేదాంక కదలగూడదు."

"వాళ్లకు మన మాట రాదు గదా."

"రా అనేది మాటతోనే అనాలనా? కుక్క గూడా అంటాది."

మూడు నెలలు ఇలా గడిచాయి. నా నవలలో బాగున్నవన్నీ ఆయన చెప్పినవే. వచ్చినవాళ్లు మొదట మనుషులను చూడరని, నీళ్లెక్కడున్నాయో చూస్తారని చెప్పాడు. వాళ్లలోనూ ఇద్దరికి పడకుండా ఉంటుందని, ఆ సంగతి మనం మొదటి రోజే కనిపెట్టాలని చెప్పాడు. నాకు మాత్రం అంకెల మీదే ప్రాణం. ఒక రోజు గులకరాళ్లు పోసి ప్రధాన సంఖ్యలు చూపించాను. పన్నెండు రాళ్లను ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి పంచవచ్చు. పదమూడైతే తలా ఒక్కటే ఇస్తే తప్ప, ఎంతమందికి పంచబోయినా మిగిలిపోతాయి, లేదా తక్కువ పడతాయి. ఆయన చాలాసేపు రాళ్లను అటూ ఇటూ జరిపాడు.

"శానా మొండివప్పా ఇవి," అన్నాడు సంతోషంగా. తర్వాత ఒక మాట చెప్పాడు. "అయితే మొదుట్లోనే వాళ్లకు లెక్క చూపిచ్చొద్దు. ఎదుటోని గొర్రెల్ని నేను వాని ముందర ఎప్పుడూ లెక్కపెట్టను. ఎన్నుండాయని అడగను గూడా. లెక్కపెడితే, వీడెందుకు లెక్కపెడ్తాండాడని భయం. మనుషుల్నయితే ఇంకా భయం."

దిష్టి అనుకున్నాను. పేజీ అంచులో రాసిపెట్టుకున్నాను గానీ కథలోకి తీసుకోలేదు.

రాళ్ల ఆలోచన నాదే. ఆకాశం నుంచి చూసేవాళ్లకు కనిపించేలా గుట్ట వాలు మీద ఆ వరుసను నిజంగా పేరిస్తే ఎంత దూరం కనిపిస్తుందో నవలలో సరిగ్గా రాయవచ్చు. ఫ్యాక్టరీలో పారేసే ముక్కలు సైకిల్ మీద తెచ్చాను. ముక్క ఒకటిన్నర అడుగు, ముక్కకూ ముక్కకూ నడుమ ఒక గజం. సున్నం నేను పూశాను, పేర్చింది ఇద్దరం. అది ప్రభుత్వ బంజరు, రెండు ఇళ్లలో ఎవరిదీ కాదని చూసుకున్నాను. అంతవరకు జాగ్రత్తపడ్డాను. పై వరుసలో రెండు, దాని కింద మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు. సోమవారం పొద్దున ఆఖరి రాయి పెట్టాం. జమ్మలమడుగు రోడ్డు మీదికి సైకిల్ మీద వెళ్లి మైలు దూరం నుంచి చూశాను. పై నాలుగు వరుసలు ఒక్కొక్కటిగా లెక్కకు వస్తున్నాయి. కింది రెండూ కలిసిపోయి గీతల్లా ఉన్నాయి. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

"దీన్ని చూసి వాళ్లు జవాబిచ్చేకి ఎన్ని దినాలు?" అని అడిగాడు మామ.

"అన్నిటికంటే దగ్గర నక్షత్రం దగ్గరికి వెలుగు పోయేకే నాలుగేండ్ల పైన. రావడానికి ఇంకో నాలుగు."

"ఎనిమిదేండ్లా? అప్పటికి ఎవురు సర్పంచో!"

జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. అది ఆకాశం నుంచి కాదు.

మంగళవారం నేను ప్రొద్దుటూరు వెళ్లాను. ఒక బట్టల వ్యాపారి కొత్త ఇంటికి బండలు పరుస్తున్నారు, గదులన్నీ కొలవాలి, వారం పని. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. బుధవారం పై ఇంటి వాళ్లు గుట్ట మీద తెల్లరాళ్లు చూశారు. ఆరు వరుసలు. పై ఇంటి వర్గంలో పెద్ద కుటుంబాలు ఆరు. ఎవరో లెక్కపెట్టారు. మొదటి ఇంట్లో మగవాళ్లు ఇద్దరు. రెండో ఇంట్లో ముగ్గురు. మూడో ఇంట్లో ఐదుగురు. నాలుగో ఇంట్లో ఏడుగురు. ఐదో ఇంట్లో పదకొండు మంది లేరని ఒకాయన అన్నాడట. కడపలో ఉండే అల్లుళ్లను కలిపితే ఉన్నారని ఇంకొకాయన సరిచేశాడట. ఏ ఇంటికి ఎంతమంది ఉన్నారో కింది ఇంటి వాళ్లు బయటి నుంచి తెప్పించిన మనుషులకు రాళ్లతో చూపిస్తున్నారని తేల్చారు. గుట్ట మీద తిరిగేది ఎవరు? గొర్రెల మామ.

ఈ సంగతి గురువారం పొద్దున బండలు తెచ్చిన లారీ డ్రైవరు నాకు చెప్పాడు.

"మీ ఊర్లో రాళ్ల పంచాయితీ జరుగుతాందంట గదా. గొర్రెలాయప్పను పిలిపిచ్చి అడిగినారంట. నేనే పెట్టినా, ఊరకే పెట్టినా అన్నాడంట. ఎవడన్నా ఊరకే సున్నం కొడతాడా!"

మామ నా పేరు చెప్పలేదు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. నా పేరు చెబితే కింది ఇంటి పని అని రుజువైపోతుంది. తన పేరైతే ఒక గొర్రెల కాపరి పిచ్చిపనిగా పోయే వీలుంది. ఆయన వేసిన లెక్క సరైనదే. అది నిలవాలంటే నేను వెంటనే వెళ్లి, నోటుపుస్తకం ముందు పెట్టి, ఇది కథ అని చెప్పాలి.

బస్సుకు గంటన్నర ప్రయాణం. నేను వెళ్లలేదు. సిమెంటు సంచి కాగితం మీద లెక్కలు వేశాను. వెళ్లి చెబితే నమ్మే అవకాశం పదింట మూడు. నమ్మకపోతే మా బావను కొట్టే అవకాశం పదింట ఆరు. వెళ్లకపోతే సంగతి తనంతట తానే చల్లబడే అవకాశం పదింట ఐదు. హెచ్చవేశాను, కూడాను, తీసివేశాను. ఉండిపోవడమే మేలని వచ్చింది. ఆ మూడు, ఆరు, ఐదు ఎక్కడి నుంచి తెచ్చానని ఇప్పుడు అడిగితే చెప్పలేను. బండను చూసి చదరపు అడుగులు చెప్పాక టేపు పెట్టకుండా ఎప్పుడూ వదిలినవాణ్ని కాను. ఆ రోజు మాత్రం టేపు తీయలేదు. గురువారం మూడు గదులు కొలిచాను, శుక్రవారం నాలుగు. శనివారం పొద్దున ఇక కూర్చోలేక బస్సెక్కాను.

ఇంటికి వెళ్లేసరికి నోటుపుస్తకం లేదు. పోలీసులు వస్తే దొరుకుతుందని మా అక్క వచ్చి పొయ్యిలో పెట్టేసింది. ఉత్త చేతులతోనే పై ఇంటికి నడిచాను. కేకేస్తే వినపడేంత దూరంలో ఆగాను. చేతులు కనిపించేలా పెట్టుకున్నాను. అరుగు మీద పెద్దాయన పేపరు చదువుతున్నాడు. రమ్మని తల ఊపాడు.

చెప్పాను. నక్షత్రాలు, వారపత్రిక, పంచడానికి వీలుకాని అంకెలు, నవల, అన్నీ. అరుగు చుట్టూ ఉన్నవాళ్లలో ఒకతను మధ్యలో అడిగాడు.

"ఆకాశమోళ్లు ఏ పార్టీ?"

"వాళ్లకు పార్టీ ఉండదన్నా."

"పార్టీ లేకుండా ఇంత దూరం యాడొస్తారు, డీజిల్ ఎవురు పోస్తారు?"

అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నాలుగు కందులు తెప్పించి, ఏడు ఎందుకు పంచలేమో చూపించమన్నాడు. నాలుగుతో కుదరదు, ఏడు కావాలని అడిగాను. ఏడు తెచ్చారు. చూపించాను. పదకొండు చూపించమన్నాడు. అదీ చూపించాను. ఆ గింజలను తనే ఇంకోసారి పంచి చూశాడు.

"నువ్వు చెప్పేది నిజమేనప్పా," అన్నాడు. "ఇంత ఎర్రి అబద్ధం ఎవురూ అల్లలేరు. ఈ మాట మొన్న వచ్చి చెప్పింటే నవ్వుకుని పొయ్యేటోళ్లం. నిన్న నా మనుషులందరి ముందర చెప్పేసినా, ఆ మంద మన చేలల్లో కాలు పెట్టగూడదని. ఇప్పుడు ఎనక్కి తీసుకుంటే భయపడినాడంటారు."

"ఆయప్ప తప్పేం లేదు పెద్దనాయనా. తప్పు నాది."

"తప్పు ఎవురిదని కాదప్పా. మా ఆడోళ్లు రెండు దినాలు పిల్లోళ్లను బడికి పంపలా. లెక్క చూసినోళ్లకు భయమైంది. ఆ భయానికి నేనేదో ఒకటి చెయ్యాల గదా."

అది అన్యాయమని నేను అనలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా అనలేను. నా అంకెలు నిజమైనవే, కానీ అవి ఎవరి కళ్లకు ఏమవుతాయో నేను లెక్క వేయలేదు. మా దగ్గర అంకె అంటే మనుషుల లెక్కే. ఎంతమంది వస్తున్నారు, ఎంతమంది మిగిలారు. ఎక్కడో నక్షత్రాల్లో ఉన్నవాళ్లకు అర్థమవుతుందని పెట్టిన మాట అర మైలు దూరంలో ఉన్న ఆరు ఇళ్లకు చంపుతామన్నట్టు వినిపించింది. ఈ ముక్క మామ నాకు ముందే చెప్పాడు. దిష్టి అని పక్కన పెట్టాను.

పై ఇంటి మాట ఆయన్ను సగమే దెబ్బ తీసింది. మిగతా సగం కింది ఇంటి వాళ్లు చేశారు. వాళ్లు వద్దన్నారు కాబట్టి ఈయన మనవాడే అన్నారు. మంద మా చేలల్లోనే పెట్టు, ఎవడొస్తాడో చూస్తామన్నారు. ఊరేగింపుగా వెళ్లి ఆయన భుజాల మీద పార్టీ కండువా వేశారు. శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన ఆ కండువాను మడత పెట్టి గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెడుతున్నాడు.

"ఇంగ ఈడ బతకలేనప్పా," అన్నాడు. "ఒకరు వద్దన్నా ఉండేవాణ్ని. ఒకరు నావాడన్నాక ఉండలేను."

ఆదివారం పొద్దున మందను తోలుకుని తొండూరు వైపు చుట్టాల ఊరికి వెళ్లిపోయాడు. ముద్దనూరు దాకా సైకిల్ నడిపించుకుంటూ వెంట నడిచాను. దారిలో లారీ కింద మూడు పడ్డాయి. పోయిన తొమ్మిదిలో మిగిలిన ఆరు కొత్త చోటు నీళ్లు పడక చచ్చాయని, తప్పిపోయాయని తర్వాత తెలిసింది. గుట్ట మీద రాళ్లు వారంలో మాయమయ్యాయి. ఆ తర్వాత నాలుగైదు నాకు ఒక కోళ్లగూడు కింద కనిపించాయి.

పన్నెండేళ్ల తర్వాత పులివెందుల బస్టాండులో ఆయన్ను చూశాను. నాకంటే ముందు ఆయనే గుర్తుపట్టాడు. గొర్రెలు నలభై మాత్రమే ఉంచుకుని మూడెకరాల్లో చీనీ చెట్లు పెట్టానని చెప్పాడు. చేతిలో గోనెసంచి, అందులోంచి రెండు బత్తాయి కాయలు తీసి ఇచ్చాడు. టీ తాగాం. నేను డబ్బులివ్వబోతే నా చెయ్యి పక్కకు నెట్టాడు.

"కత పూర్తి చేసినావా?"

"లేదు మామా. మళ్లీ మొదలుపెట్టినా. నువ్వు కట్టె కింద పెట్టే కాడ ఆగిపోయినా."

"ఆ ఎనిమిదేండ్లు దాటిపోయినాయి గదప్పా. జవాబు రాలేదే!" అని నవ్వాడు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి, మామూలు గొంతుతో అడిగాడు. "ఆ రాళ్ల గొడవ నీకు ఎప్పుడు తెలిసిందప్పా? శనివారం దాంక రాకపోతివి. ప్రొద్దుటూర్లో నీకెవురూ చెప్పలేదేమో అనుకుంటి."

ఆయన మొహంలో అనుమానం లేదు. నా తరఫున కారణం తనే వెతికిపెట్టి, దాన్ని నేను ఒప్పుకుంటే చాలని చూస్తున్నాడు.

"శనివారం పొద్దున్నే తెలిసింది మామా," అన్నాను. "తెలిసిన బస్సుకే వచ్చేసినా."

"అదే అనుకుంటి," అన్నాడు. తొండూరు బస్సు వస్తే సంచి భుజాన వేసుకుని ఎక్కాడు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నవల మూడుసార్లు రాశాను. గొర్రెల కాపరి ఎదురుగా ఆ జీవులు నిలబడే చోట ప్రతిసారీ కలం ఆగిపోతుంది. అక్కడ ఆయన వాళ్లను ఒక ప్రశ్న అడుగుతాడు, వాళ్లు నిజం చెప్పాలి. మామ ఇంకా ఉన్నాడు. చూపు తగ్గిందట, చీనీ తోటలో మంచం వేసుకుని ఉంటాడట. మా ఊరి నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. ఆయన ఎప్పుడు తెలిసిందని అడిగినప్పుడు నేను చెప్పినదాని ప్రకారం నా ఆలస్యం సున్నా. గురువారం నుంచి శనివారానికి లెక్క కడితే రెండు రోజులు. ఆయనకు నేను చెప్పాల్సిన అంకె అదే. రెండు.